రెండు ఎండలు దాటాలి

వాన కురవగానే కాలేజీ పిల్లలు బస్సెక్కి పల్లెలకు పోతున్నారు. ఊరివాళ్ల ఇళ్లల్లోనే బస, వాళ్ల పొయ్యి మీదే వంట, పగలంతా మొక్కలు నాటడం. ఆలోచన మంచిదే. మరి పిల్లలు తిరిగి వచ్చేశాక ఆ మొక్కకు నీళ్లు పోసేదెవరు?

పల్లెలో గడప తొక్కిన చుట్టానికి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, మంచం వాల్చి, ఆ తర్వాత మెల్లగా అడిగే మాట ఒకటుంటుంది. “ఎన్నాళ్లుంటారు?” పొమ్మనడానికి అడిగే మాట కాదది. బియ్యం ఎన్ని పొయ్యాలి, దుప్పట్లు ఎవరింట్లోంచి తేవాలి, బిందెలు ఎన్నిసార్లు నింపాలి అన్న లెక్క దాని వెనక ఉంటుంది. మొక్కలు నాటడానికి దిగిన కాలేజీ పిల్లల్నీ ఇంటామె అదే అడుగుతుంది. “మూడు రోజులుంటామండీ” అంటారు పిల్లలు. ఇంటామెకు ఆ జవాబు చాలు. మొక్కకే చాలదు.

జూలైలో నాటిన మొక్క అక్టోబరు దాకా వానల మీద బతికేస్తుంది. కార్తీకంలో మంచు కాస్త ఆదుకుంటుంది. శివరాత్రి వెళ్లాక మొదలవుతుంది అసలు గండం. అప్పటికి వేరు జానెడో మూరెడో దిగి ఉంటుంది. నేలలో తడి అంతకంటే కిందికి పోతుంది. అక్కణ్నుంచి మృగశిర కార్తె దాకా ఎవరో ఒకరు తలుచుకుని బిందెడు నీళ్లు పోస్తుంటే బతుకుతుంది, లేకపోతే లేదు. ఆ ఏడు గట్టెక్కిందనుకోండి, రెండో ఏడు ఇంకో చిక్కు. మొదటి వేసవిలో వచ్చిన ట్యాంకరు రెండో వేసవికి రాదు. అప్పటికి కొత్త లక్ష్యం, కొత్త మొక్కలు, కొత్త ఫొటోలు. ఆ రెండు ఎండలూ దాటిన మొక్క ఇక తన తిప్పలు తాను పడుతుంది.

ఇలాంటి బృందాల వెంట వెళ్లినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఊరివాళ్ల ఇంట్లో ఉండటం ఈ ప్రయాణంలో సరదా కోసం పెట్టుకున్న ముచ్చటలా చూస్తున్నారు గానీ, మొక్క బతకడానికి ఉన్న దారి అదే. పిల్లలు నాటేది మూడు రోజులు, కాపాడేది ఆ ఇల్లు రెండేళ్లు. కాబట్టి ఎవరింట్లో దిగుతున్నాం, వాళ్లకు ఏ చెట్టు కావాలి, మళ్లీ ఎప్పుడు వస్తాం అన్నవి తేల్చుకున్నాకే గడ్డపార పట్టుకోవాలి. జరిగేది చాలావరకు తలకిందులు. ముందు మొక్కల లెక్క రాసుకుంటారు, తర్వాత ఊరు వెతుకుతారు, బస సంగతి బయల్దేరే ముందు రోజు చూస్తారు.

కవరుతో పాతేస్తారేటి?

అరకు లోయకు పైన, కొండ వాలులో ఒక ఊరు. ముప్పై గడపలు కూడా ఉండవు. మైదానం నుంచి ఒక డిగ్రీ కాలేజీ పిల్లలు వచ్చారు. ఇంటికి ఇద్దరు చొప్పున సర్దారు. తెల్లవారి చూస్తే వాన. ఆ కొండల్లో జూలై వాన మైదానంలో లాగా కురిసి వెలిసేది కాదు, రోజంతా సన్నగా పడుతూనే ఉంటుంది. ఎర్రమట్టి బూట్లకు అంటుకుని ఒక్కో కాలు రెండు కిలోలైంది. కాసేపటికి సగం మంది బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నారు.

మొక్కలు ట్రాక్టర్లో వచ్చాయి. ఎక్కువగా సిల్వర్ ఓక్, కొన్ని పనస. గుంతలు ఎండాకాలంలోనే తవ్వి ఉంచారు ఊరివాళ్లు. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే లోతు. చెప్పడానికి చిన్న గుంతే. అందులోంచి వంద కిలోలకు పైనే మట్టి ఎత్తాలి. అది వేసవిలో గట్టిపడిన నేలలో, వాలు మీద నిలబడి. ఆ పని కళ్లారా చూడని పిల్లలకు మొక్క పెట్టి మట్టి కప్పడమే నాటడమనిపిస్తుంది.

ఒక కుర్రాడు నల్ల పాలిథిన్ సంచితో సహా మొక్కను గుంతలో దించి మట్టి తోసేశాడు. తన ఇంట్లో దిగిన పిల్లాడే కాబట్టి ఆ ఇంటి మామ్మ వెనకే నిలబడి చూస్తోంది. “ఏటి బాబూ, కవరుతో పాతేస్తారేటి? నోటికి గుడ్డ కట్టి అన్నం తినమన్నట్టు!” అంది. మళ్లీ పైకి తీయించింది. పాత బ్లేడు ముక్కతో సంచిని ఒక పక్క నిలువునా కోసింది. ఎడమ అరచెయ్యి మట్టిముద్ద కిందికి పోనిచ్చి, కుడిచేత్తో కవరు జారలాగింది. ముద్ద చెదరలేదు. అడుగున వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉన్నాయి. వాటి కొసలు గిల్లేసింది. అలా తిరిగిన వేరును వదిలేస్తే గుంతలో కూడా గుండ్రంగానే తిరుగుతుంది, లోతుకు దిగదు. మొక్క మెడ నేల మట్టానికి వచ్చేలా నిలబెట్టి, పై మట్టి ముందు, కింది మట్టి తర్వాత వేసి, చుట్టూ మడమతో అదిమింది. కాండం పక్కన అదమలేదు. ఆ కుర్రాడు తర్వాతి మొక్కకు చాలా సేపు తీసుకున్నాడు. నాకు అది నచ్చింది. కవరు కోయడం తెలియని పది మంది రోజంతా నాటే వంద మొక్కల కన్నా, తెలిసిన ఇద్దరు నాటే ఇరవై మేలు.

పిల్లలు వస్తున్నారని రాత్రి ఇళ్లల్లో తెల్లన్నం, కోడికూర వండారు. రోజూ తాగే చోడి అంబలి దాచేశారు. పట్నం పిల్లలకు అంబలి పెట్టడం వాళ్లకు మొహమాటం. మర్నాడు ఒకమ్మాయి పొయ్యి పక్కన కుండ మూత తీసి చూసి, “ఇదేంటి మామ్మా, నాకూ పొయ్యి” అని అడిగాక గానీ ఆ మొహమాటం పోలేదు. ఆ రోజు నుంచి వంట సులువైంది, మాటలు పెరిగాయి. కాఫీకి నీడ ఎందుకు, సిల్వర్ ఓక్‌నే ఎందుకు వేస్తారు, దాని మొదలుకు మిరియం తీగ ఎందుకు పాకిస్తారు అన్నవి పొయ్యి దగ్గర తెలిసిన సంగతులే. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పిల్లలు ఫోన్లో చూసి చెప్తే, ఇంటాయన నవ్వి ఊరుకున్నాడు. ఆయనకు కావలసింది ఈ ఏడు కిలోకు ఎంతిస్తారన్న కబురు.

మామ్మకు మాత్రం సిల్వర్ ఓక్ మీద పెద్ద మోజు లేదు. నీడకు పనికొస్తుంది, పెరిగాక అమ్ముకుంటారు, అంతవరకే. ఆమె అడిగింది పనస, చింత. పనస కాయ కూర, పండు ఆకలి తీరుస్తుంది, గింజలు ఎండబెడితే వానాకాలంలో ఉడకేసుకుంటారు. చింతపండు సంతకు పోతుంది. తెచ్చిన పనస మొక్కలు ఇళ్ల పక్కనే నాటించుకుంది ఊరు. కళ్ల ముందుంటుంది, అంట్లు తోమిన నీళ్లు పోయొచ్చు. కొండ మీద నాటిన వాటికి ఆ అదృష్టం లేదు.

బడిలో పడుకున్న సేవ

పిల్లల్ని ఊళ్లకు తీసుకెళ్లడం నిన్నమొన్న పుట్టిన ఆలోచన కాదు. గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న అప్పటి కేంద్ర విద్యా మంత్రి వి.కె.ఆర్.వి. రావు జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. ఎన్‌ఎస్‌ఎస్ అంటేనే ఇప్పుడు మనకు తెలుస్తుంది. కోణార్క్ రథచక్రం బ్యాడ్జీ, రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత తీసుకున్న ఊళ్లో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. అంతకు ముందే, 1950లో, కేంద్ర ఆహార వ్యవసాయ మంత్రిగా ఉన్న కె.ఎం. మున్షీ వన మహోత్సవానికి శ్రీకారం చుట్టారు. ఈ రెండూ కలిసిన చోట పుట్టిందే మనం ఏటా చూసే దృశ్యం: బ్యానరు, గడ్డపార, ముఖ్య అతిథి.

ఎన్‌ఎస్‌ఎస్ శిబిరాన్ని నేను తక్కువ చేయను. పట్నంలో పుట్టి పెరిగిన ఎందరో పిల్లలు జీవితంలో మొదటిసారి ఊరి పొలిమేర దాటింది దాని పుణ్యమే. పొద్దున శ్రమదానం, మధ్యాహ్నం ఇంటింటి సర్వే, రాత్రి రామాలయం దగ్గర నాటిక. అయితే బస మాత్రం బడిలో. బెంచీలు ఒక మూలకు నెట్టి, జంపఖానాలు పరిచి, వంటకు ఊళ్లోంచి ఒకరిని మాట్లాడుకుని ఏడు రోజులు గడిపేస్తారు. ఊళ్లో ఉంటారు గానీ ఎవరింట్లోనూ ఉండరు. శిబిరం అయిపోయాక ఊరికి కాలేజీ పేరు గుర్తుంటుంది, పిల్లల పేర్లు గుర్తుండవు. ఆ మొక్కలకు నీళ్లు పోయమని ఫోన్ చేసి అడగడానికి ఎవరి నంబరూ ఎవరి దగ్గరా ఉండదు.

ఇంకోటి, సెలవుల సంగతి. పరీక్షలు, తరగతులు చూసుకుని శిబిరాలు ఎక్కువగా డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడతాయి. అప్పుడు నాటిన మొక్క నాలుగైదు నెలల్లో రోహిణి కార్తెకు ఎదురుపడాలి. రోళ్లు పగులుతాయంటాం కదా ఆ ఎండకు! జానెడు వేరున్న మొక్క ఎంతసేపు నిలుస్తుంది? శీతాకాలంలో శిబిరం పెట్టే మాస్టార్లకు నేనైతే ఊరి నర్సరీ దారి చూపిస్తాను. తెలంగాణలో ప్రతి గ్రామ పంచాయతీకీ ఒక నర్సరీ పెట్టారు. వచ్చే జూన్‌లో నాటాల్సిన మొక్కలకు సంచులు నింపే కాలం సరిగ్గా అదే. ఎర్రమట్టి జల్లించడం, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపడం, సంచి అడుగున మడత లేకుండా దట్టించడం, విత్తు పెట్టడం. చేతులు మురికవుతాయి, ఫొటోకు ఏమీ ఉండదు. కానీ ఆ వారం రోజుల పని ఒక్కటీ వృథా పోదు.

ఇళ్లల్లో మసలడం నిజంగా నేర్చుకుంటున్నది వ్యవసాయ కళాశాలల పిల్లలు. బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో వాళ్లకు రావెప్ ఉంటుంది, అంటే గ్రామీణ వ్యవసాయ పని అనుభవం. 1992లో రంధావా కమిటీ సిఫారసు చేసింది దీన్నే. నెలల తరబడి ఊళ్లో ఉండాలి, ఒక్కొక్కరూ ఒక రైతు వెంట తిరగాలి. కాగితాల్లో హోస్ట్ ఫార్మర్ అని రాసుకున్నా, పిలిచేది పెదనాన్నా, బాబాయ్ అనే.

ఊళ్లో దిగిన కొత్తలో వాళ్లు చేసే పని ఒకటుంది, చూడాల్సిందే. రచ్చబండ దగ్గర నేల ఊడ్చి నీళ్లు చల్లుతారు. ముగ్గుపిండి, పసుపు, బొగ్గుపొడి, గుప్పెడు ఆకులు తెచ్చి పెడతారు. మీ ఊరు గీయండి అంటారు. మొదట ఎవరూ కదలరు. ఒక పిల్లాడు ధైర్యం చేసి రోడ్డు గీస్తాడు, చెరువును తప్పు దిక్కున పెడతాడు. అంతే, అరుగు మీద బీడీ కాలుస్తున్న పెద్దాయనకు ఒళ్లు మండుతుంది. “చెరువు అటెట్ల ఉంటదిరా?” అంటూ దిగి వస్తాడు. అక్కణ్నుంచి ముగ్గుపిండి ఆయన చేతిలోనే. గుడి, బడి, ఎండిన బోర్లు, కూలిన ఊడుగ చెట్టు, పశువులు నిలిచే చోటు, ఊరికి దూరంగా వాడ. గంటలో ఊరంతా నేల మీద పడుతుంది. అప్పుడు పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఏప్రిల్‌లో కూడా నీళ్లుండే బావి ఏది? దానికి జవాబు దొరికితే మొక్కలు ఎక్కడ నాటాలో సగం తేలిపోయినట్టే. మొక్కలు నాటడానికి పోయే బృందాల్లో ఎన్ని ఆ ముగ్గు వేయించాయో కనుక్కుంటే మంచిది.

గోపేశ్వర్ నుంచి నైరోబీ దాకా

విద్యార్థులు ఊళ్లో ఉండి ఊరితో కలిసి నాటితే ఏమవుతుందో చూడాలంటే హిమాలయాల్లోని చమోలీ జిల్లాకు పోవాలి. 1974 మార్చి 26న రేణీ గ్రామంలో గౌరాదేవి, ఆమె వెంట నడిచిన ఆడవాళ్లు చెట్ల నరికివేతను అడ్డుకున్న సంగతి మనకు తెలుసు. ఆ చిప్కో ఉద్యమం గురించి పాఠాల్లో ఉంది. ఆ తర్వాత జరిగిందే ఎవరూ చెప్పరు. గోపేశ్వర్ కేంద్రంగా చండీప్రసాద్ భట్, ఆయన సంస్థ దశోలీ గ్రామ స్వరాజ్య మండల్ ఏళ్ల తరబడి పర్యావరణ శిబిరాలు నడిపారు. విశ్వవిద్యాలయాల విద్యార్థులు, ఊరి ఆడామగా, అధికారులు, శాస్త్రవేత్తలు ఒకే చోట ఉండి, ఒకే వంట తిని, పగలు గుంతలు తవ్వి, పశువులు రాకుండా రాళ్లగోడలు కట్టి, రాత్రి కూర్చుని మాట్లాడుకునేవారు. ఆ మాటల్లో బయటపడింది మగవాళ్లు కోరే చెట్లు వేరు, ఆడవాళ్లు కోరే చెట్లు వేరు అని. మగవాళ్లకు డబ్బు తెచ్చే చెట్లు కావాలి. కట్టెల మోపు, గడ్డిమోపు మోసేది ఆడవాళ్లు, వాళ్లకు మేతా వంటచెరకూ ఇచ్చేవి కావాలి. కాపలా ఊరి ఆడవాళ్ల సంఘాలైన మహిళా మంగళ్ దళాల చేతికి వచ్చాక మొక్కలు నిలదొక్కుకున్నాయి. భట్‌కు 1982లో మెగసెసే పురస్కారం వచ్చింది.

కెన్యాలో వంగారి మాతాయ్ 1977లో మొదలుపెట్టిన గ్రీన్ బెల్ట్ ఉద్యమానిది ఇంకో కిటుకు. ఊరి ఆడవాళ్లే నర్సరీలు పెంచారు. వాళ్లకు చిన్న మొత్తమే ముట్టేది, అదీ బతికిన మొక్కకు లెక్కగట్టి. నాటినదానికి కాదు. ఆ ఒక్క షరతు ఉద్యమం మొత్తాన్నీ నిలబెట్టిందని నా నమ్మకం. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి ఇచ్చినప్పుడు చెట్లకూ శాంతికీ ఏమిటి సంబంధమని ముక్కున వేలేసుకున్నవాళ్లున్నారు. బిందె మోసిన వాళ్లను అడిగితే చెప్తారు.

బతికిన మొక్కనే లెక్కలోకి తీసుకోవాలన్న మాట మన చట్టంలోనూ ఉంది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం ఊళ్లో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచి మీదా కార్యదర్శి మీదా చర్య తీసుకోవచ్చు. 2015 జూలై 3న చిలుకూరులో మొదలైన హరితహారం లక్ష్యం 230 కోట్ల మొక్కలు. అంత పెద్ద లెక్క చూశాక ఈ 85 శాతం నిబంధన ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. ఊరి సర్పంచికి ఉన్న ఈ జవాబుదారీ, వచ్చి నాటిపోయే కాలేజీకి ఎందుకుండకూడదు? మార్కులిస్తున్నారు కదా, రెండేళ్ల తర్వాత మొక్కను చూసి ఇవ్వొచ్చు.

ఏ ఇంట్లో పెడుతున్నారు?

హోమ్‌స్టే అనగానే బాత్రూం ఉన్న ఇల్లు, ఫ్యాను ఉన్న గది, మంచి మంచాలు వెతుకుతారు. ఆడపిల్లలు వస్తున్నప్పుడు ఆ జాగ్రత్త తప్పదు, తలుపుకు గడియ ఉందా, రాత్రి బయటికి వెళ్లాల్సిన పని లేకుండా మరుగుదొడ్డి ఉందా అని చూడాల్సిందే. కానీ దాని ఫలితం ఏమిటంటే, పిల్లలు ఎప్పుడూ ఊళ్లో కలిగినవాళ్ల ఇళ్లల్లోనే దిగుతారు. బసకిచ్చే డబ్బూ అక్కడికే పోతుంది. వాడ వైపు ఒక పూట సర్వేకు వెళ్తారు, భోజనానికి మాత్రం వెనక్కి వచ్చేస్తారు. దిగిన ఇంట్లో అన్నం వడ్డిస్తూ, “మీరేమిట్లు బాబూ?” అని అడిగితే ఏం చెప్పాలో తెలియక బిక్కమొహం వేసిన పిల్లలున్నారు. ముందే చెప్పి తీసుకెళ్లాల్సిన సంగతి ఇది. ఏ కులం పిల్లల్ని ఏ ఇంట్లో పెట్టాలో సర్పంచి గుట్టుగా సర్దేస్తుంటే చూసీ చూడనట్టు ఊరుకునే మాస్టారు మొక్కలు ఎన్ని నాటించినా నా దృష్టిలో శిబిరం నడపనట్టే.

నీళ్ల సంగతి ఇంకా తక్కువ మందికి తడుతుంది. పట్నం పిల్ల స్నానానికి రెండు బకెట్లు, బట్టలకు ఇంకో రెండు. బోరింగు ఊరి చివర ఉంటే ఆ నీళ్లు మోసేది ఆ ఇంటి ఆడవాళ్లే. చుట్టాలకు బిందె అందించి తెచ్చుకోమనడం మన పద్ధతి కాదు కాబట్టి వాళ్లు నోరెత్తరు. మొక్కలకు నీళ్లు పోయాలని ఉపన్యాసం ఇచ్చిన పిల్లలు ఆ ఇంటి నీళ్లు ఖర్చు చేసి వస్తే ఏం లాభం? మొదటి రోజే బిందె పిల్లల చేతికివ్వాలి. వాళ్లు ఒకటికి రెండుసార్లు మోస్తే, స్నానం ఒక బకెట్‌కు దిగుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు.

డబ్బు దగ్గర మొహమాటం పనికిరాదు. ప్రయాణం ఏర్పాటు చేసేవాళ్లు బస్సుకు ఎంత, తమకు ఎంత, ఇంటికి ఎంత అన్నది పిల్లలకూ ఊరివాళ్లకూ ఒకే కాగితం మీద చూపించాలి. ఇంటికి రోజుకు ఇంత, మనిషికి ఇంత అని ముందే మాట్లాడుకుని, ఇంటామె చేతికే ఇవ్వాలి. గిరిజన ప్రాంతాల్లో 1,000 హోమ్‌స్టేలకు సాయం చేస్తామని కేంద్రం 2024లో ప్రకటించింది. కొత్తగా గదులు కట్టుకుంటే 5 లక్షల దాకా, ఉన్న ఇంటిని బాగు చేసుకుంటే 3 లక్షల దాకా. ఇది సరిగ్గా అమలైతే బాత్రూం ఉన్న ఇంటికే పిల్లలు పోతారన్న చిక్కు కొంత తీరుతుంది. లేదంటే కొండ మీద రిసార్టుకే హోమ్‌స్టే బోర్డు తగిలించుకుంటారు, అరకు దారిలో ఇప్పటికే అలాంటివి కనిపిస్తున్నాయి.

ఉచిత సేవ అన్న మాట మీద కూడా నాకు ఒక గుచ్చుకునే అనుమానం ఉంది. గుంతలు తవ్వడం, మొక్కలు నాటడం, పాదులు తీయడం ఇన్నేళ్లుగా ఉపాధి హామీ కింద ఊరివాళ్లకు కూలి ఇచ్చిన పనులు. ఆ పనిని మూడు రోజులు ఊరికే చేసిపెట్టి, సేవ చేశామనుకుంటే ఎవరి కూలి ఎవరు తిన్నట్టు? అందుకే తవ్వే పని ఊరికి వదిలి దానికి డబ్బు ఇచ్చి, నేర్చుకునే పని పిల్లలు చేయడం మర్యాద.

చెట్టు ఎంపికలో ఊరి మాట

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేశాక నగరంలో చెట్లు మళ్లీ పెంచాలన్న ఆత్రంలో ఏడాకుల పాల మొక్కలు విరివిగా నాటారు. త్వరగా పెరిగింది, గొడుగులా నీడనిచ్చింది. పూత మొదలయ్యాక ఆ ఘాటు వాసనకు తలనొప్పి, దగ్గు, ఊపిరాడటం లేదని జనం గోల. కోనోకార్పస్ కథా అంతే. పచ్చగా ఉంటుంది, మేక తినదు, రోడ్డు మధ్య డివైడరు మీద బ్రహ్మాండంగా పెరుగుతుంది. తర్వాత అధికారులే వద్దనాల్సి వచ్చింది. మేక కూడా ముట్టని చెట్టు ఊరికెందుకని మొదటే అడిగినవాళ్లు లేరు. ఊళ్లో ఒక రాత్రి ఉన్నా ఈ ప్రశ్న వినపడేది.

ఏ చెట్టన్నదే కాదు, ఎక్కడ నాటాలన్నదీ చూసుకోవాలి. ఖమ్మం పక్కన రెడ్డిపల్లిలో వనజీవి రామయ్య ఉండేవారు. జేబుల్లో విత్తనాలు, సైకిలు మీద మొక్కలు, మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ అన్న పలక. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. కోటికి పైగా మొక్కలు నాటారని పేరు. ఆయన గురించి అందరూ ఆ కోటి అంకెనే చెప్తారు. నాకు ముఖ్యమనిపించేది ఆయన తిరిగిన దారి. నాటిన చెట్లు చాలావరకు ఆయన సైకిలు తొక్కే దారుల పక్కనే ఉండేవి.

కొన్ని చోట్ల నాటకపోవడమే సేవ. శ్రీసత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన తింబక్టు కలెక్టివ్ అనే సంస్థ, చుట్టుపక్కల ఊళ్లు కలిసి కల్పవల్లి పేరిట వేల ఎకరాల బంజరును అడవిగా తిప్పుకున్నాయి. అనంతపురం వైపు వాన ఎంతో మనకు తెలుసు. అక్కడ నాటింది కొంత, తిరిగి మొలవనిచ్చింది ఎంతో. ఏటా గడ్డి ఎండే వేళకు అగ్గి పాకకుండా గడ్డి కోసి వెడల్పుగా బాటలు తీస్తారు, కాపలా తిరుగుతారు, మంట కనబడితే పచ్చి మండలతో కొట్టి ఆర్పుతారు. మొద్దు నుంచి చిగురు అదే వస్తుంది. భూమిలో పాత వేరున్న చోట ఈ పని చాలు. శీతాకాలం సెలవుల్లో పిల్లలు చేయడానికి దీనికి మించిన పని లేదు. ఊతకర్రా, ట్రీగార్డూ అక్కర్లేదు.

అరకు కొండ మీది ఆ ఊరితో ఆ కాలేజీ మాట తెగలేదు. ఇళ్లవాళ్ల నంబర్లు పిల్లలు రాసుకుని వచ్చారు, దసరాకీ సంక్రాంతికీ ఫోన్లు నడిచాయి. ఇళ్ల పక్కన పనస మొక్కలు బాగానే ఉన్నాయట. ఒక దాన్ని మేక మొదలంటా కొరికేసింది, ముళ్లకంప సరిగ్గా కట్టలేదని మామ్మ ఆ కుర్రాడినే తిట్టింది. కొండ మీది సిల్వర్ ఓక్‌లో సగం పోయాయని ఇంటాయన దాచకుండా చెప్పాడు. దాంతో పిల్లల్ని తీసుకెళ్లే కాలేజీ మేడమ్ గారు ఈసారి ప్రయాణాన్ని జూలై నుంచి ఏప్రిల్‌కు మార్చారు. నాటడానికి ఒక్క మొక్కా ఉండదు. ఊట దగ్గర్నుంచి నీళ్లు మోయాలి, పాదులు గుల్ల చేసి ఎండుటాకు కప్పాలి, పోయినవాటి గుంతలు మళ్లీ లోతు చేయాలి, ఆ తవ్వేవాళ్లకు కూలి కూడా ప్రయాణం ఖర్చులోనే. ఈసారి పేర్లిచ్చినవాళ్లు పోయినసారికి సగం. ఎండల్లో ఎందుకని ఇళ్లల్లో వద్దన్నారని కొందరు చెప్పారు. ఒకరిద్దరు మాత్రం ఉన్నమాటే అడిగేశారు: “మొక్కలే లేకపోతే ఫొటోలేం దిగుతాం మేడమ్?”